తూకం కోసం ఒక కిటికీ

దూరం నుంచి రాతి మేడ.
దగ్గరికెళ్లి గోరుతో గీకితే సున్నం.
తడి ఆరకముందే తాపీ మొనతో గీతలు లాగి
ఇదిగో రాయి, ఇదిగో రాయికీ రాయికీ మధ్య అతుకు అని
రెండు వందల ఏళ్లుగా నమ్మిస్తున్న గోడ.
లోపల ఇటుక ముక్కలు, ఒడ్డున ఏరిన గులకరాళ్లు.
పైన పటారం, లోన లొటారం.
అయినా నిలబడింది.
పటారాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదని
ఈ ఇల్లే నాకు నేర్పింది.

డెవన్ తీరం. ఎర్రమట్టి చరియ కింద బూడిదరంగు అలలు.
నౌకాదళం వదిలొచ్చిన కెప్టెన్ సెప్టిమస్ ఓల్డ్రీవ్
పట్టుబడ్డ ఓడల వాటా సొమ్ముతో కట్టించుకున్నాడు:
విల్లులా ముందుకు వంగిన ముఖం,
వసారా మీద గుడారం మడతల్లా రాగిరేకు,
వాకిలి నెత్తిన విసనకర్ర విప్పినట్టు అద్దం.

నా పని కొలవడం.
టేపు, పెన్సిలు, చలికి కొంకర్లు పోయే వేళ్లు.
ఏది అసలుది, ఏది తర్వాత చేర్చింది?
కౌన్సిల్ ఫారంలో ఉన్నవి రెండే గడులు.

కెప్టెన్ మనవరాలు అగస్టా
సన్నటి కమ్మీలు పీకించి పెద్ద పలక అద్దాలు పెట్టించింది.
సముద్రం ముక్కలుగా కనబడుతోందని
వడ్రంగికి రాసిన చీటీ ఇంకా ఉంది.
యుద్ధానికి ఇనుము కావాలని వచ్చినవాళ్లు
బాల్కనీ కటకటాలు కోసుకుపోయారు;
రాతిలో సీసం పోసిన మొదళ్లు మాత్రం
ఊడిన పళ్ల చిగుళ్లలా మిగిలాయి.
1953లో ఇల్లు ఆరు వాటాలైంది.
హాలు కప్పు మీది సున్నపు పువ్వుకు అడ్డంగా
చెక్కగోడ దిగింది.
సగం పువ్వు మిసెస్ చగ్ వంటింట్లో, చేపల పొగకి పసుపెక్కి;
సగం నార్త్‌కాట్ స్నానాల గదిలో, ఆవిరికి ఉబ్బి.
ఇద్దరికీ ఇరవయ్యేళ్లు మాటల్లేవు.
దానికి ఎన్ని రేకులో ఒక్కరూ పూర్తిగా లెక్కపెట్టలేదు.

తర్వాత ఎవరో వెధవ సిమెంటు పూశాడు.

ఈనక్ యెల్లండ్, తాపీ మేస్త్రి, డెబ్బయ్యొకటో ఏడు,
కుండ కొనేవాడిలా మెటికలతో కొట్టి వింటాడు గోడని.
"దీనికి ఊపిరాడ్డం లేదు" అని
టీ కప్పు కింద పెట్టి సుత్తి తీశాడు.

పై అంతస్తు, ఎడమ చివర ఒక కిటికీ.
కిటికీ కాదు.
కుడివైపు ఒకటుంది కాబట్టి ఎడమవైపూ ఉండాలి కాబట్టి
గోడలో గూడు వదిలి, నలుపు పూసి, తెల్లకమ్మీలు దిద్ది,
సగం దాకా దించిన పరదా కూడా దిద్దారు.
తూకం కోసం పెట్టిన కన్ను.
దాని వెనక పనిపిల్ల గది.
ఏడడుగులకు తొమ్మిది. పట్టపగలే దీపం.

గోడకాగితాలు పొర వెనక పొర ఊడదీశాం:
గోధుమరంగు సున్నాలు, గులాబీలు, ఏవో ఆకులు, పాత వార్తాపత్రిక.
అడుగున బోసి గోడ.
దాని మీద మేకుతో గీసిన కిటికీ.
పైన ఆరు అద్దాలు, కింద ఆరు. కమ్మీలు తిన్నగా లేవు.
కొలిచాను. బయటిదానంతే, దాదాపు.
జానెడు కిందికి ఉంది, అంతే.
మంచం మీద కూర్చుంటే కళ్లకి సమంగా.

పేరు లేదు. తేదీ లేదు.
కింది రెక్క మాత్రం పైకెత్తి గీసింది.

యెల్లండ్ ఆ గాడిలో బొటనవేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.
"పచ్చి సున్నం మీద గీసింది కాదిది.
ఎండి రాయయ్యాక. ఎన్ని రాత్రులు పట్టిందో."

ఏ గడిలో వెయ్యను?
ఆ రాత్రి నక్షా గీస్తూ
ఆ గోడ దగ్గరికొచ్చేసరికి పెన్సిలు ఆగి,
రెండు గీతలు తెంచి, ఖాళీ వదిలింది.

పది రోజులకి ఎర్రసిరాతో తిరిగొచ్చింది కాగితం:
"ఈ గోడకు కిటికీ లేదు. మళ్లీ సరిచూడగలరు."

సరిచూశాను.
తెరిచే ఉంది.